నెమలి రంగు మీద నా బొటనేలు

వోస్తనే ఉన్న, సన్నగ, దారం లెక్క. బకెట్ల నీళ్ళున్నయి, నా చేతిల యాసిడ్ డబ్బా ఉన్నది. యాసిడే నీళ్ళల్లకు పోవాలె, నీళ్ళు యాసిడ్లకు రావద్దు, వొస్తే ఉడికి మొఖం మీదికి ఎగురుతది అని నోటితోని చెప్తున్న, చేతితోని వోస్తున్న, కండ్లతోని ఎనిమిది మంది ఆడోళ్ళను చూస్తున్న, ఎవలన్న అద్దాలు నెత్తి మీదికి జరుపుకున్నరా ఏంది అని. ఉప్పల్‌ల మా మిద్దె మీద రేకుల షెడ్డు అది. మూడు దిక్కులు తెరిచే ఉంటది. ఎనకాల ప్లాస్టిక్ కుర్చీల మా భాగ్యక్క కూసున్నది. నాకు పని నేర్పిన మనిషి. నాలుగేండ్ల తర్వాత నిన్ననే మా మిద్దె ఎక్కింది.

అప్పుడు స్రవంతి అడిగింది. కాప్రా నుంచి నేర్చుకోనీకి వొస్తది ఆ పిల్ల. అక్కా, యాసిడ్ కాడ గ్లౌజులంటే సమజైతది, చెయ్యి కాలుతది. మరి యాసిడ్ల నుంచి తీసి మంచిగ కడిగినంక, రంగుల ముంచే ముందు సుత గ్లౌజులెందుకు, సబ్బుతోని కడుక్కున్న చెయ్యే గదా అన్నది.

మంచిగనే అడిగింది. దానికి నా కాడ ఒక కథ ఎప్పుడూ రెడీగ ఉంటది. ప్రతి బ్యాచ్‌కూ చెప్తా. నోరు దాని పాటికది మొదలువెట్టింది. నాకు నేర్పినామె అంత పెద్ద పనిమంతురాలు, ఆమెనే ఒక దినం చినిగిన గ్లౌజుతోని ముట్టింది, ఆమె ఏలు తగిలిన కాడల్లా రంగు తాగలే, ఆర్డర్ మొత్తం వాపస్ వచ్చింది...

సగం చెప్పినంక యాదికొచ్చింది, ఆమె ఎనకాలనే ఉన్నదని. పొద్దుగాల నేనే అందరికి చూపెట్టిన, ఈమెనే నా గురువు అని. ఎనిమిది మంది మెడలు తిప్పి ఆమె దిక్కు చూసిన్రు.

భాగ్యక్క నవ్వింది. ఎడమ చెయ్యిని మెల్లగ కొంగు కిందికి తీసుకున్నది.

"అవును బిడ్డా, నా చెయ్యే అది," అన్నది. "గందుకే చెప్తున్న, మీరు గ్లౌజులు ఇడువకున్రి."

అది ఆమె చెయ్యి కాదు. నా చెయ్యి.

ఇగో, రాసేసిన. ఈ ఒక్క ముక్క రాయనీకి నాకు నాలుగేండ్లు వట్టింది. నాచారంల మేం పనిచేసిన కాడ యాసిడ్ తొట్టిలకు సీసం పలకలు ఏలాడదీస్తుండె. చూడనీకి పల్చగ ఉంటయి, ఎత్తితే నడుం ఇరుగుతది. గసొంటి పలక ఒకటి నా ఛాతీల వెట్టుకొని తిరిగిన. నవ్వుకుంట తిరిగిన, ముచ్చట్లు చెప్పుకుంట తిరిగిన. నాకు ముచ్చట్లు జాస్తి, ఎవలన్న దొరికితే ఇడువను. ఇన్ని ముచ్చట్లల్ల ఈ ఒక్కటే ఎందుకు చెప్పలే? నన్ను నేను మస్తు సార్లు అడిగిన. నువ్వెవరో నాకు తెల్వదు. నీకు నేను తెల్వదు. గందుకే నీతోని చెప్పబుద్ధైతున్నది. మొదలుకెల్లి చెప్తా, జర ఓపికతోని ఇను.

నేను పది పాసైన, ఇంటర్ మొదటి ఏడాదిలనే బంద్ వెట్టిన. మా నాయిన పోయినంక అమ్మకు తోడు ఏదో ఒకటి చెయ్యాలె. నాచారం ఇండస్ట్రీల దిక్కు అల్యూమినియంకు రంగు తాగిచ్చే చిన్న కంపెనీల కుదిరిన. పేరు వద్దులే. రంగు ఏసుడు కాదు, తాగిచ్చుడే అంటా నేను. ఎందుకంటే అల్యూమినియంను యాసిడ్ నీళ్ళల్ల ముంచి కరెంటు వెడితే దాని పైన సన్న పొర వుడ్తది. ఆ పొరకు కంటికి కనవడని బొక్కలుంటయి. రంగుల ముంచినప్పుడు రంగు ఆ బొక్కలల్లకు పోతది. ఇగ మరిగే నీళ్ళల్ల ఏసి ఉడికిస్తే బొక్కలు మూసుకుంటయి. రంగు లోపల్నే ఉండిపోతది. గోరుతోని గోకినా పోదు, ఎండకు ఎలవదు, చెమటకు దిగదు. నాకైతే మొదటి దినమే మనసు వడ్డది. ఒక తెల్లటి రేకు లోపలికి పోయి ఎర్రగ బయటికొచ్చింది. నేను నోరు తెరుసుకొని నిలవడ్డ.

రంగు తొట్టి కాడ ఉన్నామె నన్ను చూసి, "నోరు మూస్కో పిల్లా, ఆవిరి లోపలికి పోతది," అన్నది.

ఆమెనే భాగ్యక్క. జనగామ దిక్కు మనిషి, పెండ్లైనంక నాచారం వచ్చింది. ఇరవై ఏండ్లకెల్లి ఆ తొట్టి కాడనే నిలవడ్డది. సదువు రాదు, సంతకం మటుకు చేస్తది. గడియారం చూడది. రంగుల ముంచిన రేకును ఎప్పుడు తియ్యాలెనో ఆమెకు లోపల్నే ఎరుక. మోదుగు పువ్వు రంగు, చింతపండు రంగు, నెమలి రంగు, ఏది కావాల్నంటే అది, మొదటి రేకుకు, నూరో రేకుకు ఫరక్ ఉండకపోతుండె. నా నోరు మాత్రం ఆమెకు పెద్ద బాధ. నీ నోటికి సుత ఒక మూత చేపియ్యాలె, ఎంత కావాల్నో కొల్త తీస్కుంటా అనేది. నేను నవ్వితే ఇంకా తిట్టేది. తిట్టుకుంటనే అన్నీ నేర్పింది.

తర్వాత కంపెనీ అక్కడికెల్లి ఎత్తేసిన్రు. ఊరి బయటికి తీస్కపోయిన్రు, అంత దూరం మేం పోలేకపోయినం. నేనే అక్కతోని అన్న, మా మిద్దె మీద మనమే చేద్దం అని. ఆమె మొదలు నమ్మలే. ఇంట్ల యాసిడా, పిచ్చా నీకు అన్నది. రెండు దినాలు ఆలోచన చేసింది. మూడో దినం వచ్చి మిద్దె అంతా తిరిగి చూసి, చేస్తే నేను చెప్పినట్టే చెయ్యాలె, ఒక్క దాంట్ల తప్పినా నేను మిద్దె దిగి పోతా అన్నది.

ఆమె పెట్టిన షరతులు చెప్తా. ఇవి నేనిప్పుడు సుత అట్లనే పాటిస్త. బ్యాటరీ దుకాణంల దొరికే పల్చ యాసిడే తేవాలె, గట్టిది ఇంట్లకు రానియ్యద్దు. అది తాగే నీళ్ళ సీసాలల్ల ఎప్పుడూ వొయ్యద్దు, దాని డబ్బా దానికే ఉండాలె, తాళం ఉండాలె. మోచేతుల దాక గ్లౌజులు, కండ్లకు అద్దాలు, కాళ్ళకు బూట్లు. పక్కనే ఒక టబ్బుల తినే సోడ కలిపిన నీళ్ళు రెడీగ ఉండాలె, యాసిడ్ కింద వడితే మీద వొయ్యనీకి. అదే చెయ్యి మీద వడితే నల్లా కింద వెట్టి మస్తుసేపు కడగాలె. కరెంటు బంద్ చేసినంకనే తీగలు ముట్టాలె. పని ఒడిసినంక యాసిడ్‌ను సోడతోని సల్లారవెట్టాలె, బుసబుస పొంగుడు పూర్తిగ ఆగేదాక మోరీల వొయ్యద్దు. ఇంట్ల వండే గిన్నె ఒక్కటి సుత మిద్దెక్కద్దు, ఎక్కితే మళ్ళ దిగద్దు. ఇంక తొట్టి మీదికెల్లి గాలి లేస్తది, అగ్గి తగిలితే అంటుకుంటది, గందుకే షెడ్డు మూయద్దు, అగ్గిపుల్ల గియ్యద్దు.

దీని మీద మా అమ్మతోని పెద్ద పంచాదైంది. మా అమ్మ పొద్దుగాల మిద్దె మీద తులసికి ఊదుబత్తి ముట్టిస్తది. భాగ్యక్క ఆర్పేసింది. దేవునికి ముట్టిస్తే ఏమైతదని అమ్మ, దేవుని కాడికే పోతవ్ అని అక్క. వారం దినాలు మాట్లాడుకోలే ఇద్దరు. ఆఖరికి తులసి కుండే కిందికి దిగింది.

గట్ల మొదలైంది మా పని. చెవుల కమ్మలు, తాళంచేతుల బిళ్ళలు, దుకాణాల నంబర్ పలకలు. ఎండకాలం తొట్టి ఏడెక్కితే పొర మంచిగ రాదు, గందుకే ఐసు తెచ్చి చుట్టూ వెట్టేటోళ్ళం. ఆమె రంగు చూసేది, నేను తీగలకు కట్టేది, కడిగేది, ఆరవెట్టేది. ఆమెకు కండ్లల్ల పొర మొదలైంది అప్పటికే. దగ్గర వెట్టుకుంటేనే సన్నయి కనవడేటివి. కానీ రంగు మటుకు దూరంకెల్లే పట్టేది. ఒక దినం చుట్టుపక్కలోళ్ళు చూడనీకి వొస్తే అందరి ముందట అన్నది, "నా కంటె దీని చెయ్యి మంచిది. నోరే మంచిగ లేదు." అందరు నవ్విన్రు. నేను సుత నవ్విన. నవ్విన గాని లోపల ఏమైందో నాకే ఎరుక. నా చెయ్యి మంచిదని నాకు ఎవ్వలూ చెప్పలే అప్పటిదాక. స్కూల్ల చెప్పలే, ఇంట్ల చెప్పలే. ఆ మాట నేను బంగారం లెక్క దాచుకున్న. ఆ మాటనే నాతోని ఈ పని చేపిచ్చింది అని ఇప్పుడు అనిపిస్తది. లేకపోతే ఇది సుత నేను తప్పించుకోనీకి చెప్తున్న మాటనేనా?

ఘట్‌కేసర్ దిక్కు కొత్త అపార్ట్‌మెంట్‌కు ఫ్లాటు నంబర్ల ప్లేట్లు కావాల్నని ఆర్డర్ వచ్చింది. నలభై ఎనిమిది ప్లేట్లు, అన్నీ నెమలి రంగే. అంతకు ముందు గంత పెద్ద పని మాకు రాలే. మంచిగ చేస్తే ఆ బిల్డరుయి ఇంకో రెండు అపార్ట్‌మెంట్లు ఉన్నయి, అవి సుత మాకే అన్నరు.

ఆ దినం ఆదివారం. మా అమ్మ పొద్దుగాలనే పట్టి కూసోవెట్టి నెత్తికి నూనె వెట్టింది, కారేటట్టు. సాయంత్రం స్నానం చేద్దమనుకొని అట్లనే మిద్దెక్కిన. మధ్యాహ్నం దాక మంచిగనే ఉండె. ఆఖరి ప్లేట్లు యాసిడ్లకెల్లి తీసి కడుగుతుంటే ఒక్కసారే మబ్బు వట్టింది. రేకుల షెడ్డుకు మూడు దిక్కులు తెరిచే ఉంటయని చెప్పిన గదా, వాన కొట్టిందంటే జల్లు తొట్టిల వడ్తది, ప్లేట్ల మీద వడ్తది. అక్క యాసిడ్ తొట్టికి మూత వెట్టి, మీదికెల్లి ప్లాస్టిక్ పట్ట కప్పుతున్నది. నేను ప్లేట్లను కడిగిన నీళ్ళకెల్లి రంగులకు మార్వాలె. తీగ ముళ్ళు విప్పి ఇంకో కడ్డీకి కట్టాలె. గ్లౌజు తడిసి జారుతున్నది, ముడి వస్తలేదు. కుడి చేతి గ్లౌజు తీసి పారేసిన. మొఖం మీద వెంట్రుకలు వడ్తుంటే అదే చేతితోని ఎనకకు తోసుకుంటున్న, అదే చేతితోని ప్లేట్లు పడ్తున్న. తోసుకుంటున్న, పడ్తున్న.

అక్క పట్ట కిందికెల్లి అరిసింది, గ్లౌజులున్నయా అని. ఉన్నయి అన్న. అది మొదటి అబద్ధం. చిన్నదే. ఆత్రంల వచ్చింది, వచ్చినట్టు సుత నాకు తెల్వదు.

రంగు మంచిగనే తాగింది అనుకున్నం. మబ్బుల, తడి మీద, ఏం కనవడలే. ఉడికిచ్చినం, తుడిసినం, పేపర్లు చుట్టి డబ్బాల వెట్టినం. తెల్లారి సైటు మనిషి వచ్చి తీస్కపోయిండు. మూడో దినం అదే మనిషి అదే డబ్బా తెచ్చి మా గడప కాడ వెట్టిండు. ఎండల చూడున్రి ఒకసారి అన్నడు, అంతే. తిట్టలే. తిట్టినా బాగుండు. ఇగ ఆ పని వేరేటోళ్ళకు ఇచ్చేసిన్రు.

మిద్దె మీద ఎండల పరిసినం. పద్దెనిమిది ప్లేట్ల మీద మూలకు ఒక తెల్లటి మచ్చ. మచ్చ కాదు, ఏలు. గీతలు గీతలు, సాఫ్ కనవడ్తున్నయి. నెమలి రంగు మీద ముగ్గేసినట్టు. నూనె చెయ్యి తగిలిన కాడ బొక్కలు పూడి రంగు తాగలే. ఉడికిచ్చినంక ఇగ పోదు గదా. జన్మల పోదు.

భాగ్యక్క ఒక ప్లేటు తీస్కొని ముక్కు దాక తెచ్చుకున్నది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. కండ్లకు అందలే. నా చేతికి ఇచ్చింది.

"ఎవల చెయ్యో నువ్వు జూసి చెప్పే," అన్నది. "నాకు ఆనుతలేదు."

చూసిన. నా కుడి బొటనేలి మీద ఒక గీత ఉంటది, వంకరగ. నాచారంల రేకు అంచు కోసింది, నాలుగు కుట్లు వడ్డయి. ఆ కుట్లు ఏసినప్పుడు నా చెయ్యి పట్టుకొని కూసున్నది సుత భాగ్యక్కనే. ఆ గీత ప్లేటు మీద ఉన్నది. వంకరగ, అట్లనే. పద్దెనిమిది మీద పద్దెనిమిది సార్లు. చూసుడు ఏంది, నన్ను నేను అద్దంల చూసుకున్నట్టే.

"నీదే అక్కా," అన్న. "నీ ఎడమ గ్లౌజుకు బొటనేలి కాడ బొక్క ఉండె గదా."

బొక్క ఉండె, నిజమే. సైకిల్ ట్యూబు ముక్క అతికిచ్చుకున్నది ఆమె. ఆ ముక్క ఊడలే. నాకు ఎరుక ఊడలేదని. అయినా నోట్లకెల్లి వచ్చేసింది, ఎంత జల్ది వచ్చిందో, ముందుగాలనే అనుకొని పెట్టుకున్నట్టు.

ఆమె ఎడమ చెయ్యి ఎత్తి చూసుకున్నది. ఎండల వెట్టి చూసుకున్నది, మస్తుసేపు. "నాదేనా," అన్నది. "ఎరుకనే కాలే చూడు." చెయ్యి దించింది. అక్కడ నేను, లేదక్కా నాదే అనొచ్చు. ఒక్క మాట. ఆమె తిట్టేది, ఆ దినమంతా తిట్టేది, మళ్ళ తెల్లారి వచ్చేది. అంతే అయ్యేది, ఇంకేం కాకపోతుండె. ఇది నాకు అప్పుడే ఎరుక. ఎరుకుండి ఊకున్న. ఎందుకు? భయమా? ఆమె నన్ను కొట్టేది లేదు, తీసేసేది లేదు. మిద్దె నాది, పని ఇద్దరిది. భయం కాదు. నా చెయ్యి మంచిదన్న ఆ మాట, అది పోవద్దనుకున్న. గంతే. ఆమెకు ఇరవై ఏండ్ల పేరున్నది, ఒక్క మచ్చకు ఏమైతది అనుకున్న. నాకు ఉన్నది ఆ ఒక్క మాటనే.

ఏమైందో చెప్తా. ఆమె మళ్ళ రాలే. వారం తర్వాత నేనే నాచారం పోయిన. కండ్లు పోయినా ఫికర్ చెయ్యకపోదు, చెయ్యే మోసం చేసిందంటే ఇగ ఏం మనిషిని అన్నది. తన గ్లౌజులు, అద్దాలు, రంగుల నమూన రేకులు గుచ్చిన తీగ, అన్నీ ఒక సంచిల ఏసి నాకిచ్చింది. నువ్వు జేస్కో, నీ చెయ్యి మంచిది అన్నది. రెండోసారి అన్నది ఆ మాట. తీస్కొని వచ్చిన. ఇప్పుడు ఆమె హబ్సిగూడల ఆడపిల్లల హాస్టల్‌ల గిన్నెలు తోముతది. కండ్లకు ఆపరేషన్ సుత అయింది, ఇప్పుడు మంచిగనే కనవడ్తది. అయినా రంగు దిక్కు రాలే. చెయ్యి మీద నమ్మకం పోయింది. కంటి పొర తీసినట్టు డాక్టరు తీసేది కాదు గదా అది.

ఇగ నేను. దాచను, నాకు నా పని మీద మస్తు గర్వం. తప్పు ఒప్పుకుంటున్న గదా అని పనిని తక్కువ చేసి చెప్పను. మా మిద్దె మీద నాలుగేండ్లల్ల ఒక్కలకు చెయ్యి కాలలే, ఒక్క కంటికి చుక్క తగలలే. నేను చేసిన కమ్మలు ఏసుకున్నామె ఉప్పల్ మెట్రో మెట్ల మీద పోతుంటే గుంపుల గుర్తు పడ్తా, ఆ ఎరుపు నాదని. బడికి పోయి నేర్వనిది మిద్దె మీద నేర్సిన. నేర్పుతున్న సుత. నాలుగైదు బ్యాచులైనయి, కొందరు వాళ్ళ మిద్దెల మీద చేసుకుంటున్నరు, అందరు గ్లౌజులు తొడుక్కుంటరు. ఎందుకు తొడుక్కుంటరు? నేను చెప్పిన ఆ కథకు భయపడి. ఇదే నాకు మింగుడు వడనిది. ఆ అబద్ధమే వాళ్ళ చేతులను, పనిని కాపాడుతున్నది. గట్ల అనుకొనే ఇన్నేండ్లు చెప్పిన. పేరు చెప్తలేను గదా, ఎవలకు నష్టం అనుకున్న. చెప్పంగ చెప్పంగ నాకే నిజమనిపిచ్చింది. కథల ఆమె గ్లౌజు బొక్క ప్రతిసారి జర పెద్దగైతుండె.

ఆమెను ఎందుకు పిలిచిన మరి? అదీ గర్వమే. నా దగ్గర నేర్సుకునేటోళ్ళు ఎనిమిది మంది ఒక్క తీరుగ అద్దాలు వెట్టుకొని నిలవడితే ఆమె చూడాలె, శభాష్ అనాలె. ఆమె మెట్లెక్కి వచ్చి, తొట్టిల మీదికెల్లి చెయ్యి అడ్డంగ ఊపి గాలి చూసింది, సోడ టబ్బు చూసింది, డబ్బా తాళం గుంజి చూసింది. మంచిగ వెట్టినవ్ అన్నది. నాకు రెక్కలు వచ్చినయి. అది పొద్దుగాల. ఆ తర్వాతనే స్రవంతి అడిగింది, నేను కథ ఎత్తుకున్న, ఆమె చెయ్యి కొంగు కిందికి పోయింది.

నాలుగేండ్లల్ల ఆ చెయ్యి నేను చూడలే. నిన్న చూసిన. అబద్ధం చెప్పింది నేను, సిగ్గువడ్డది ఆమె. పరాయి ఆడోళ్ళు ఎనిమిది మంది ముందట, నా క్లాసు మంచిగ నడవాల్నని, నేను చేసిన తప్పును తన తప్పని ఒప్పుకున్నది. నేను అప్పుడు సుత నిజం చెప్పలే. అవును చూసిన్రా, గందుకే గ్లౌజులు అన్న. అన్న, నిజంగనే అన్న. ఈ నోరు.

క్లాసు ఒడిసింది. ఆమెను బస్సు ఎక్కిచ్చిన. ఇంటికొచ్చి కూసుంటే అన్నం తినబుద్ధి కాలే. ఏమైందే అని అమ్మ అడిగింది. అమ్మకే మొదలు చెప్పిన. అమ్మ నా నెత్తి మీద చెయ్యి వెట్టింది. తర్వాత, నూనె నేనే వెడ్తిని గదనే అన్నది. ఆమె సుత తన మీదికి తీస్కొనబోయింది, చూడు. నాకు కోపం వచ్చింది. నూనె కాదమ్మా, నోరు అన్న.

ఇయ్యాల తెల్లారి లేసి మొదటి బస్సుకే నాచారం పోయిన. వాళ్ళ గల్లీల నల్లా వచ్చే టైము. అక్క వాకిట్ల డ్రమ్ము నింపుతున్నది, పైపు పట్టుకొని. ఇంత పొద్దుగాల ఏందే, కమ్మలు ఎవలన్న ఎత్కపోయిన్రా అన్నది. నేను ఎట్ల మొదలువెట్టాల్నో బస్సుల అంతా అనుకొని పోయిన, అక్కడికి పోంగనే ఒక్కటి యాదికి లేదు. అక్కా, ఆ ప్లేట్ల మీద ఏలు నాది అన్న. వాన దినం గ్లౌజు తీసిన. నీది కాదు.

పైపుకెల్లి నీళ్ళు వడ్తనే ఉన్నయి. ఆమె నా దిక్కు చూడలే.

"నీ చేతికి ఇచ్చిన గదా ఆనాడు. జూసినవా?"

"జూసిన."

"నీదని ఎరుకయిందా?"

"ఎరుకయింది అక్కా. ఎరుకయ్యే నీదని చెప్పిన."

డ్రమ్ము నిండి నీళ్ళు కాళ్ళ మీదికి వచ్చినయి. ఆమె వంగి నల్లా బంద్ చేసింది. మూత వెట్టింది. లోపలికి పోయి చెప్పులేసుకొని, టిఫిన్ సంచి పట్టుకొని బయటికొచ్చి, తాళం ఏసింది. తిడుతదని నిలవడ్డ. తిట్టలే. ఏడుస్తదేమో అనుకున్న. ఏడ్వలే. నా పక్కకెల్లి పోయి గల్లీ మలుపు కాడ ఒక్క నిమిషం ఆగింది. పిలుస్తదేమో అనుకున్న. ఎడమ చెయ్యి ఎత్తి చూసుకున్నది, అంతే. బస్సు వచ్చింది, హాస్టల్‌కు పోయింది.

మాఫ్ చేసిందా? చెయ్యలే. చెయ్యాల్నని నేను అడగలే సుత. నాలుగేండ్లు ఆమె కాడికెల్లి గుంజుకున్నదాన్ని ఒక్క పొద్దున వాపస్ ఇచ్చి, ఇగ అయిపోయింది అననీకి నాకేం హక్కున్నది. ఆమె మళ్ళ రంగు ముడ్తదో లేదో నాకు తెల్వదు. కానీ గల్లీల నిలవడి ఊపిరి తీసుకుంటే మాత్రం లోపలిదాక పోయింది. ఇది సుత నీకు చెప్పాలె, దాచద్దు. తేలికైంది. అంత తప్పు చేసినదానికి గిట్ల తేలికగుండుడు న్యాయమేనా?

ఉప్పల్‌కు వాపస్ వచ్చేసరికి నేర్చుకునేటోళ్ళు మిద్దెక్కి ఉన్నరు, గ్లౌజులు తొడుక్కొని, అద్దాలు వెట్టుకొని. నేను నా గ్లౌజులు తొడుక్కోలే. ఎనిమిది మందిని కూసోమన్న. నిన్న మీకు ఒక కథ చెప్పిన, అది అబద్ధం అన్న. స్రవంతి అద్దాలు తీసి చూసింది. మొదలుకెల్లి చెప్పిన, పైన నీకు రాసినట్టే, వాన, నూనె, నా గ్లౌజు, నా ఏలు, నా మాట. పాత బ్యాచులోళ్ళకు సుత ఇయ్యాల్లనే ఫోన్ చేసి చెప్తా అన్న. ఆఖరికి ఇట్ల అన్న: నిన్న ఆ కుర్చీల కూసున్నామె పేరు భాగ్యమ్మ, నాచారంల ఇరవై ఏండ్లు రంగు తొట్టి కాడ నిలవడ్డది, ఆమె చెయ్యి ఏనాడూ తప్పలే.